స్టార్మ్ ఎప్పుడు తుఫాను, ఎప్పుడు కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇంగ్లిష్ వార్తలను తెలుగు చేసే పనిలో కొత్తగా చేరారు. స్టార్మ్ అని కనిపించిన ప్రతిచోటా తుఫాను అని రాస్తున్నారు. డెస్కులో సగం కొట్టేస్తున్నారు, ఎందుకో చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఎక్కడ ఉంచాలి, ఎక్కడ మార్చాలి, వాతావరణంతో సంబంధం లేని వాడుకలు వస్తే ఏం చేయాలి?

కొట్టేస్తున్నవాళ్లదే న్యాయం. ఇంగ్లిష్‌లో స్టార్మ్ చాలా వదులైన మాట. గాలి గట్టిగా వీచి, దానికి వానో మంచో దుమ్మో వడగళ్లో తోడైతే చాలు, స్టార్మే. తెలుగులో తుఫాను బిగువైన మాట. మన చెవికి అది సముద్రంలో పుట్టాలి, పేరు పెట్టించుకోవాలి, తీరం దాటాలి. కోస్తాలో ఆ మాట వినపడితే పడవలు ఒడ్డుకు చేరతాయి, కోసి పనల మీదున్న వరి ఆగమేఘాల మీద కుప్పలవుతుంది. మే నెల సాయంత్రం పాలమూరులో అరగంట కురిసి వెలిసిపోయే వానకు అదే మాట పెడితే చదివేవాడు ఒకసారి కంగారుపడతాడు, రెండోసారి నవ్వుకుంటాడు, మూడోసారి నిజం తుఫాను వచ్చినా పట్టించుకోడు.

ముందు నిజమైన వాతావరణం సంగతి చూద్దాం. పొరపాటు ఖరీదైనది ఇక్కడే.

బంగాళాఖాతం, అరేబియా సముద్రాలకు భారత వాతావరణ శాఖ లెక్క గాలి వేగం మీద నడుస్తుంది. గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62కు చేరితేనే బులెటిన్‌లో సైక్లోనిక్ స్టార్మ్ అన్న మాట వస్తుంది, మనం తుఫాను అనాల్సిందీ అప్పుడే. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను, 167 నుంచి అత్యంత తీవ్ర తుఫాను, 222 నుంచి సూపర్ సైక్లోన్. ఇవన్నీ మూడు నిమిషాల సగటు వేగాలు. బులెటిన్‌లో '60 నుంచి 70, గస్టింగ్ టు 80' అని ఉంటే ఆ 80 మధ్యమధ్యలో వచ్చే విసురు మాత్రమే. దాన్ని పట్టుకుని '80 కిలోమీటర్ల వేగంతో గాలులు' అని రాస్తే ఉన్న గాలిని ఎక్కువ చేసి చెప్పినట్టే. '60–70 కి.మీ. వేగంతో, ఒక్కోసారి 80 కి.మీ. దాకా' అంటే సరిపోతుంది.

ఢిల్లీ, ముంబయి ఇంగ్లిష్ పత్రికలు శీర్షికలో చోటు చాలక వాయుగుండాన్ని కూడా స్టార్మ్ అనేస్తుంటాయి. కాబట్టి తుఫాను అని రాసేముందు పేరు ఉందో లేదో చూడండి. మన రెండు సముద్రాల్లో 2004 నుంచి తుఫాను స్థాయికి చేరినదానికి పేరు పెడుతున్నారు. అప్పటినుంచి జరిగిన సంగతి అయితే, పేరు లేనిది తుఫాను కాదు. దివిసీమ ఉప్పెన తెచ్చిన 1977 నవంబరు తుఫాను లాంటి పాతవాటికి ఈ కొలత పనికిరాదు. వాటిని ఏడాదితోనో ఊరితోనో చెప్పుకోవాలి.

ఉప్పెన మాట వచ్చింది కాబట్టి స్టార్మ్ సర్జ్ గురించి. దీన్ని 'తుఫాను అలలు' అని రాయడం చూస్తుంటాం. అల లేస్తుంది, పడుతుంది. సర్జ్ అలాంటిది కాదు. గాలి నెట్టుకొచ్చిన సముద్రం మొత్తంగా మట్టం పెంచుకుని ఊళ్ల మీదికి రావడం. దానికి తెలుగులో ఉప్పెనను మించిన మాట లేదు. కాకపోతే 1977 నవంబరు 19 తర్వాత ఆ మాటకు వేల చావుల బరువు వచ్చింది. బులెటిన్ అర మీటరు సర్జ్ అన్నప్పుడు ఉత్త 'ఉప్పెన ముప్పు' అని వదిలేయకూడదు, ఎత్తు పక్కనే ఇవ్వాలి. 'అబవ్ ఆస్ట్రనామికల్ టైడ్' అన్న ముక్కనూ వదలొద్దు. 'మామూలు పోటు మట్టం కన్నా మీటరు ఎక్కువగా సముద్రం ముందుకొచ్చే అవకాశం' అంటే రేవులో ఉన్నవాడికి ఎక్కడిదాకా నీళ్లొస్తాయో తెలుస్తుంది.

థండర్‌స్టార్మ్ తుఫాను కానే కాదు. ఉరుములు, మెరుపులతో కూడిన వాన. గాలి కూడా ఉంటే ఈదురుగాలుల వాన. పిడుగుల హెచ్చరిక కూడా ఉంటే ఆ మాట ముందు పెట్టాలి, ఎందుకంటే పొలంలో ఉన్నవాడు వెంటనే చెట్టు కింద నుంచి కదలాల్సింది దానికే. హెయిల్‌స్టార్మ్ వడగళ్ల వాన, తెలంగాణలో రాళ్లవాన. డస్ట్ స్టార్మ్‌కు మనకు చక్కని మాట ఉంది, గాలిదుమారం. అది ఉండగా 'ధూళి తుఫాను' ఎందుకో నాకు అర్థం కాదు. ఎడారి దేశాల వార్తల్లో ఇసుక తుఫాను, చలి దేశాల వార్తల్లో మంచు తుఫాను బాగా స్థిరపడిపోయాయి. వాటితో తగవు పెట్టుకోనక్కర్లేదు.

ఒక్క ఐస్ స్టార్మ్ దగ్గర మాత్రం ఆగండి. అమెరికాలో అది మంచు కురవడం కాదు. పైనుంచి వాన నీరే పడుతుంది, గడ్డకట్టే చలిలో ఉన్న కొమ్మ మీదో కరెంటు తీగ మీదో పడగానే అద్దంలా పేరుకుంటుంది. పావు అంగుళం పేరుకుంటే అక్కడి వాతావరణ విభాగం దాన్ని ఐస్ స్టార్మ్ అంటుంది. ఆ బరువుకు తీగలు తెగుతాయి, కొమ్మలు విరిగి ఇళ్ల మీద పడతాయి. 'మంచు తుఫాను' అని రాస్తే డాలస్‌లో పిల్లలున్న అమ్మానాన్నలు మోకాటి లోతు మంచు ఊహించుకుంటారు, అసలు గండం కరెంటు పోవడం, రోడ్డు జారడం అని తెలియదు. 'గడ్డకట్టే వాన' అని రాసి ఒక వాక్యంలో వివరిస్తే చాలు.

బ్రిటన్ వార్తల్లో ఇంకో చిక్కు. అక్కడ 2015 నుంచి చలికాలపు గాలివానలకు పేర్లు పెడుతున్నారు, మొదటిది అబిగెయిల్. పేరుంది కదా అని వాటిని మన తుఫాన్ల పక్కన నిలబెట్టలేం. పుట్టుక వేరు, స్వభావం వేరు. 2023 నవంబరులో వచ్చిన కియారన్‌కు 'కియారన్ పెనుగాలులు' అనో 'కియారన్ గాలివాన' అనో రాయొచ్చు. నావికుల బ్యూఫోర్ట్ కొలమానం ఎదురైతే మరీ జాగ్రత్త. అందులో స్టార్మ్ అంటే పదో నంబరు గాలి, గంటకు 89 నుంచి 102 కిలోమీటర్లు. మన లెక్కలో అది అప్పటికే తీవ్ర తుఫాను గాలి. మన తుఫాను మొదలయ్యే 62 దగ్గర బ్యూఫోర్ట్ లెక్కలో ఉన్నది గేల్ మాత్రమే. ఒకే మాట, రెండు కొలబద్దలు. నౌకల వార్త అనువదించేటప్పుడు మాటను వదిలేసి వేగాన్ని పట్టుకోండి.

పురపాలక వార్తల్లో వచ్చే స్టార్మ్ వాటర్ డ్రెయిన్‌ను 'తుఫాను నీటి కాలువ' అన్నవాళ్లూ ఉన్నారు. అది వాన నీటి కాలువ, హైదరాబాదులో నాలా. ఇక్కడ స్టార్మ్‌కు అర్థం ఉత్త వాన అంతే. సూర్యుడి నుంచి వచ్చే సోలార్ స్టార్మ్‌కు సౌర తుఫాను వాడుకలో కుదురుకుంది, అలాగే ఉంచండి. కోవిడ్ రోజుల్లో వచ్చిన సైటోకైన్ స్టార్మ్‌నూ మార్చనక్కర్లేదు, కానీ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత కణాల మీదే విరుచుకుపడటం అని ఒక్క ముక్క చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు.

ఇక వాతావరణం లేని స్టార్మ్‌లు.

ఇంగ్లిష్‌లో ఇది నిన్నమొన్నటి అలంకారం కాదు. స్టార్మ్ పాత జర్మానిక్ మాట, కలచడం అనే అర్థమున్న స్టర్‌కు చుట్టం. జర్మన్‌లో ష్టుర్మ్ అంటే గాలివానా అవుతుంది, దాడీ అవుతుంది. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టడానికి ముందుండే ఆటగాణ్ని వాళ్లు ష్టుర్మర్ అంటారు. కాబట్టి కల్లోలం, దాడి అన్నవి ఆ మాట చుట్టూ పెరిగిన అర్థాలే. తుఫాను అలా పెరగలేదు. అరబ్బీ, పారసీల మీదుగా మనకొచ్చిన ఈ మాటకు మొదట వరద అని అర్థం, మన దగ్గర సముద్రపు గాలివానకు అంటిపెట్టుకుపోయింది. అందుకే దాన్ని ఇంగ్లిష్ మాట వెళ్లిన ప్రతి వీధికీ పంపితే తడబడుతుంది.

నేను చేసేది ఇదీ: ఈ వాక్యంలో గాలివానలోంచి ఏ గుణాన్ని అరువు తెచ్చుకున్నారు అని చూస్తాను. దుమ్మూ రచ్చా అయితే ఒక మాట, హోరు అయితే ఇంకోటి, ముంచెత్తడం అయితే మరోటి, మీద పడటం అయితే వేరేది. చాలాసార్లు తెలుగులోనూ ఆ గుణానికి వాతావరణంలోంచే వచ్చిన మాట సిద్ధంగా ఉంటుంది. మంత్రి మాటల మీద స్టార్మ్ లేచిందంటే దుమారం రేగింది. దుమారం అసలర్థమూ గాలికి లేచే దుమ్మే, కనుక పోలిక ఎక్కడా తెగదు. శీర్షికలో చోటు లేదంటారా, దుమారం తుఫానుకన్నా ఎక్కువ చోటేమీ తినదు. స్టార్మ్ ఆఫ్ అప్లాజ్ అంటే సభ చప్పట్లతో హోరెత్తింది. స్టార్మ్ ఆఫ్ ప్రొటెస్ట్ నిరసనల వెల్లువ. స్టార్మ్ ఆఫ్ అబ్యూజ్ తిట్ల వర్షం, ఊళ్లో అయితే తిట్ల దండకం. స్టార్మ్ క్లౌడ్స్ దేశాల మధ్య కమ్ముకుంటే యుద్ధ మేఘాలు, ఇది ఎప్పటినుంచో తెలుగే. స్టార్మీ సెషన్ అంటే వాడివేడిగా సాగిన సభ. అరుపులు, వాయిదాలు ఉంటే రభస, గందరగోళం అనండి. 'తుఫాను సమావేశం' మాత్రం వద్దు.

తుఫాను అలంకారంగా తెలుగులోనూ బతికి ఉన్న చోట్లు కొన్ని లేకపోలేదు. టీ కప్పులో తుఫాను అందులో ఒకటి. అమెరికావాళ్లు దీన్నే టీపాట్‌లో టెంపెస్ట్ అంటారు, రోమన్ వక్త సిసిరో లాటిన్‌లో గరిటెలో అలలు లేపడం అన్నాడు, అంటే పోలిక టీ కంటే చాలా పాతది. తుఫాను ముందు ప్రశాంతత మరొకటి. ఇంగ్లిష్‌లో కామ్ అన్నా లల్ అన్నా తెలుగులో మారదు. సినిమా పేజీలో బాక్సాఫీసు తుఫాను కూడా నడుస్తుంది, అక్కడ అన్నీ నడుస్తాయి. ఒక్క మనవి: ఊళ్ల మధ్య జనాన్ని ఎక్కించుకు తిరిగే జీపు పేరూ తుఫానే. 'తుఫాన్ బోల్తా, ఆరుగురికి గాయాలు' అన్నచోట 'వాహనం' అన్న మాట పడిపోకుండా చూసుకోండి.

ఎక్కువ తప్పులు జరిగేది స్టార్మ్ క్రియ అయినప్పుడు. రెండు రకాలు. మొదటిది మనిషి కోపంతో కదలడం: స్టార్మ్ అవుట్, స్టార్మ్ ఆఫ్, స్టార్మ్ ఇన్. ఇక్కడ కోపమూ వేగమూ రెండూ ఉండాలి. విసవిసా వెళ్లిపోయింది, విసురుగా లేచి బయటికొచ్చాడు, కోపంగా దూసుకొచ్చాడు. సభలో పార్టీ సభ్యులు లేచి బయటికి వెళ్తే అది ఉత్త వాకౌట్ కావచ్చు. ఇంగ్లిష్‌లో స్టార్మ్‌డ్ అవుట్ అని ఉంటేనే కోపం చేర్చండి, లేనిచోట మీరు పుట్టించకండి. ఇంగ్లిష్‌లో మీరే రాయాల్సి వస్తే 'స్టార్మ్‌డ్ అవుట్ ఆఫ్ ది రూమ్' అనాలి. 'గదిలోంచి'లో ఉన్న 'నుంచి' మన చేత ఫ్రమ్ రాయిస్తుంది, అది అక్కడ నప్పదు.

రెండోది చోటు మీద పడటం: స్టార్మ్ ది బిల్డింగ్, స్టార్మ్ ది స్టేజ్. ఇది సైన్యం మాట. కోటను చుట్టుముట్టి తిండి, నీళ్లు ఆపి కూర్చుంటే సీజ్. గోడలు ఎక్కి, తలుపులు పగలగొట్టి లోపల పడితే స్టార్మ్. తెలుగులో రెండింటికీ ముట్టడి అనే అలవాటు ఉంది, చిక్కంతా అక్కడే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేన, విజయనగరం సేన బొబ్బిలి కోట మీద పడ్డది స్టార్మింగ్. పాత తెలుగులో దానికి లగ్గ పట్టడం అనే మాట ఉండేది, ఇప్పుడు రాస్తే ఎవరికీ తెలియదు. ఈ తేడా చరిత్ర పాఠానికే కాదు, రేపటి వార్తకూ అవసరం. 'కలెక్టరేట్ ముట్టడి' అంటే మన వార్తల్లో గేటు బయట బైఠాయించడం కూడా అవుతుంది. 'ప్రొటెస్టర్స్ స్టార్మ్‌డ్ ది కలెక్టరేట్' అంటే గేటు తోసుకుని లోపలికి చొచ్చుకెళ్లారు. మీద పడే కేసుల సెక్షన్లే మారిపోతాయి. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో అమెరికా చట్టసభ ఉండే క్యాపిటల్ భవనంలో జరిగింది ఈ రెండోదే, అందుకే అక్కడ ముట్టడి సగం నిజమే చెబుతుంది. చొచ్చుకెళ్లారు, చొరబడ్డారు, దూసుకెళ్లారు. వీటిలో చొరబడ్డారు నేరం వైపు మొగ్గుతుంది, దూసుకెళ్లారు ఉత్సాహం వైపు. శాసనసభలో 'స్టార్మ్‌డ్ ది వెల్' వస్తే స్పీకర్ పోడియం వైపు దూసుకెళ్లారు.

టేక్ బై స్టార్మ్ ఈ కోట యుద్ధం కూతురే. ఇప్పుడు యుద్ధం పోయి మెప్పు మిగిలింది: పాట ఊరంతా ఊపేసింది, కుర్రకారును ఉర్రూతలూగించింది. ఇంగ్లిష్‌లో స్టార్మ్ ముందు 'ఎ' చేర్చకండి. దానికి విరుద్ధంగా 'కుక్ అప్ ఎ స్టార్మ్', 'డ్యాన్స్ అప్ ఎ స్టార్మ్' వాటిల్లో 'ఎ' తప్పనిసరి. వీటిలో గొడవ ఏమీ లేదు, ఊపు మాత్రమే. వంటలతో అదరగొట్టింది, ఒకటే డ్యాన్సు.

ఐ ఆఫ్ ది స్టార్మ్ చదువుకున్నవాళ్లనూ బోల్తా కొట్టిస్తుంది. నిజమైన తుఫాను కన్ను ప్రశాంతంగా ఉంటుంది. గాలి పడిపోతుంది, మబ్బు విడిపోతుంది, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా తీరం దాటింది. అలాంటి తుఫానులో ఆ మధ్య విరామాన్ని చూసి అయిపోయిందనుకుని బయటికి రావడమే ప్రమాదం. కన్ను అన్న సంగతి హెచ్చరికల్లో విడమరచి రాయాల్సింది అందుకే. పత్రికల ఇంగ్లిష్‌లో మాత్రం 'మినిస్టర్ ఇన్ ది ఐ ఆఫ్ ది స్టార్మ్' అంటే ప్రశాంతంగా ఉన్నాడని కాదు, రచ్చంతా ఆయన చుట్టూనే అని. 'వివాదానికి కేంద్రబిందువు' అని రాయండి. అరుదుగా కథల్లో నిజంగానే గొడవ మధ్య నిబ్బరం అన్న అర్థంలో వస్తుంది, అప్పుడు ముందు వెనక వాక్యాలు చదివి తేల్చుకోవాలి.

పర్‌ఫెక్ట్ స్టార్మ్‌ను 'పరిపూర్ణ తుఫాను' అంటే చదివేవాడికి పెళ్లిపిలుపులా వినిపిస్తుంది. 1991 అక్టోబరు చివర్లో అమెరికా ఈశాన్య తీరానికి ఆవల ఒక గాలివాన గ్రేస్ అనే హరికేన్‌ను కలిపేసుకుని పెరిగింది, ఆండ్రియా గెయిల్ అనే చేపల పడవ ఆరుగురితో సహా కనపడకుండా పోయింది. దాని మీద వచ్చిన పుస్తకం, సినిమాలతో ఈ పలుకుబడి జనంలోకి వెళ్లింది. విడివిడిగా వస్తే తట్టుకోగలిగినవి ఒకేసారి కలిసి రావడం దీని గుట్టు. మూలిగే నక్క మీద తాటిపండు దగ్గరగా కనిపిస్తుంది కానీ అది అప్పటికే బాధలో ఉన్నవాడికి ఇంకో దెబ్బ. అందుకని సాదాగా, 'ప్రతికూలతలన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి' అని రాసి, అవేమిటో వరసగా చెప్పడం మేలు. 'అన్నీ కలిసొచ్చాయి' అని మాత్రం రాయకండి, తెలుగులో కలిసిరావడం అదృష్టం.

వెదర్ ది స్టార్మ్‌లో వెదర్ క్రియ, తట్టుకుని నిలబడటం. గండం గట్టెక్కారు అన్నదానికి మించింది లేదు, గట్టు ఎక్కడమూ నీటిలోంచి బయటపడటమే కదా. గండం ఇంకా గడవకపోతే 'ఎదురుగాలిని తట్టుకుంటున్నారు'. బ్రెయిన్‌స్టార్మింగ్‌కు మేధోమథనం ఉండనే ఉంది. అమెరికా ప్రకటనల రంగంలోని అలెక్స్ ఆస్‌బర్న్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. మంచిదా చెడ్డదా అని అప్పుడే తేల్చకుండా తోచిందల్లా చెప్పడం దాని నియమం, కాబట్టి మామూలు చర్చకు ఆ పేరు పెట్టకండి. బ్రిటిష్ రచనల్లో ఒకడికి 'బ్రెయిన్‌స్టార్మ్' వచ్చిందంటే మెరుపులాంటి ఆలోచన అనుకోవద్దు, ఆ క్షణంలో బుర్ర పనిచేయలేదని. అమెరికన్ రచనలో అదే మాట మెరుపు ఆలోచన. రచయిత ఏ దేశంవాడో చూడకుండా ఈ మాట ముట్టుకోకండి.

చివరగా మీరు ప్రత్యేకంగా అడిగిన 'ఎనీ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్'. గాలివానలో ఏ రేవైనా రేవే. అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడు అన్న సామెత చటుక్కున గుర్తొస్తుంది, కానీ అందులో తల వంచాల్సి వచ్చిన చిన్నతనం ఉంది. ఇంగ్లిష్ మాటలో ఆ చిన్నతనం లేదు, ఎంచుకునే వీలు లేకపోవడమే ఉంది. మునిగేవాడికి గడ్డిపోచా ఆసరాయే అందామంటే, గడ్డిపోచ ఎవరినీ తేల్చదు, రేవు నిజంగా కాపాడుతుంది. మీ వాక్యంలో పార్టీ టికెట్ దొరకని నాయకుడు ఇష్టం లేని పార్టీలో చేరుతున్నాడు కాబట్టి అక్కడ వసుదేవుడే నప్పుతాడు. అదే వానలో చిక్కుకున్న ప్రయాణికులు పాతబడిన సత్రంలో తలదాచుకుంటే, సామెత జోలికి వెళ్లకుండా 'ఆ సమయానికి అదే పదివేలు' అని రాస్తాను.